ఆ మచ్చ మిగులుతుందా?

పోయిన వారం ఈ పేజీలో ఊరగాయల సంగతి మాట్లాడుకున్నాం. జాడీల్లో ఆవకాయ ఇంకా ఊరుతూనే ఉంది గాని, నా మనసు మాత్రం అక్కడ లేదు. ఒక ప్రశ్న నా కొంగు పట్టుకుని వదలటం లేదు. దాన్ని మీ ముందు పెడితే గాని నాకు తోచేటట్టు లేదు.

మా వీధిలో అందరికీ ఆవిడ టీచరమ్మగారే. ఉద్యోగం నుంచి విరమించి చాలా కాలమైంది గాని, ఆ పిలుపు మాత్రం విరమించలేదు. కూరలమ్మే మనిషి దగ్గర నుంచి పోస్టుమాను వరకూ అందరిదీ ఒకే పిలుపు. ప్రతి ఈస్టరుకూ తెల్లవారకముందే ఆవిడ సమాధుల తోటకు వెళతారు. ఈ మధ్య మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. కొడుకు దూరదేశంలో ఉన్నాడు. అందుకని ముందు రోజే, “అమ్మాయీ, రేపు కాస్త తోడొస్తావా?” అని అడిగారు. మేము క్రైస్తవులం కాము. అయినా పెద్దావిడ చీకట్లో ఒక్కతే వెళ్ళటమెందుకని సరేనన్నాను.

తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరాం. గుంటూరులో ఇన్నేళ్ళుగా ఉంటున్నా, ఆ వేళ ఆ తోట ఎలా ఉంటుందో నాకు తెలియదు. సున్నం వేసిన సమాధుల మీద వందలాది కొవ్వొత్తులు. బంతిపూల దండలు, మల్లెల వాసన, నిద్రమత్తులో తల్లి భుజాన వాలిన పసిపిల్లలు. ఒక మూల నుంచి మెల్లగా పాట. శ్మశానం అంటే మనకుండే భయం అక్కడ ఏ కోశానా లేదు. పెళ్ళివారి విడిదిలో తెల్లవారుజామున ఉండే సందడి ఉందంటే నమ్మండి.

సమాధుల మీది అక్షరాలు చదువుతూ నడిచాను. చాలా వాటి మీద ‘మరణించెను’ అని లేదు, ‘నిద్రించెను’ అని ఉంది. ఇదేమిటని అడిగితే టీచరమ్మగారు నవ్వి, “లేచేవాళ్ళను నిద్రపోయారనే గదమ్మా అంటాం?” అన్నారు. తర్వాత ఇంటికొచ్చి పుస్తకం తిరగేస్తే తెలిసింది, ఇంగ్లీషులో సిమెటరీ అనే మాట గ్రీకు భాషలో నిద్రించే చోటు అనే మాట నుంచే పుట్టిందట.

ఆవిడ ఒక చిన్న సమాధి దగ్గర ఆగారు. మన ఇళ్ళలో పసిపిల్లల మంచం ఎంత ఉంటుందో అంత. నాలుగో ఏట మూడు రోజుల జ్వరంతో పోయిన కూతురిది. అది జరిగి నలభై ఏళ్ళయింది. కొవ్వొత్తి వెలిగించి, గాలికి ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి నాతో ఇలా అన్నారు:

“అమ్మాయీ, నువ్వు నాలుగు పుస్తకాలు చదువుతావు, పత్రికలో వ్రాస్తావు. నాకొకటి చెప్పు. పునరుత్థానం నాడు ఇది ఎలా లేస్తుంది? నాలుగేళ్ళ పిల్లగానా, నలభై దాటిన మనిషిగానా? పెద్దదై లేస్తే నేనెలా గుర్తుపట్టను? దాని కుడి కనుబొమ మీద ఒక మచ్చ ఉండేది. అదైనా మిగులుతుందా? మా అయ్యగారిని అడిగితే, మహిమ శరీరానికి మచ్చా మరకా ఉండవమ్మా అన్నారు. మంచి మాటే. కాని ఎందుకో ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.”

నేనేం చెప్పగలను? చూసి చెబుతానని అప్పటికి తప్పించుకున్నాను. కాని ఆ మచ్చ నన్ను వదిలితే గదా! నెల రోజులుగా చదువుతున్నది ఇదే. చదివిన కొద్దీ, ఈ విషయంలో మనవంటివాళ్ళం ఎంత పొరపాటు పడుతున్నామో తెలిసింది.

మనం ఏమనుకుంటాం? క్రైస్తవుల మతంలో మంచివాళ్ళ ఆత్మలు స్వర్గానికి పోతాయి, అంతటితో కథ ముగిసిందని. నేనూ అలాగే అనుకున్నాను. మనకు దేహమంటే చివికిన బట్ట. విడిచి కొత్తది కట్టుకోవటమో, అసలు బట్టతోనే పని లేని స్థితి చేరుకోవటమో మన ఆలోచన. గీత వినని ఇల్లు మనలో లేదు గదా. గ్రీకు దేశపు పండితులకూ దేహమంటే గౌరవం తక్కువే. దేహం ఆత్మకు చెరసాల అన్నది ప్లేటో మతం. అందుకే ఏథెన్సు నగరంలో అరేయొపగు అనే కొండ మీద పౌలు ప్రసంగిస్తున్నప్పుడు, దేవుణ్ణి గురించి చెప్పినంతసేపూ శ్రద్ధగా విన్నవాళ్ళే, చనిపోయినవాళ్ళు లేస్తారనేసరికి కొందరు ఎగతాళి చేశారు. ఆత్మకు చావు లేదని చెప్పి ఉంటే ఎవరూ నవ్వేవారు కాదు. దేహం లేస్తుందన్నాడు, అదీ నవ్వు!

ఏథెన్సు నుంచి పౌలు కొరింథుకు వెళ్ళాడు. అక్కడ ఏడాదిన్నర ఉండి సంఘం కట్టాడు. ఆ తర్వాత ఆయన ఎఫెసులో ఉండగా, క్రీస్తుశకం 50ల నడుమ, కొరింథువారికి ఒక పెద్ద ఉత్తరం వ్రాశాడు. దాని పదిహేనవ అధ్యాయమంతా ఈ విషయమే. కొరింథులోనూ మా టీచరమ్మగారివంటి వాళ్ళున్నారు కాబోలు: చచ్చినవాళ్ళు ఎలా లేస్తారు, ఎటువంటి శరీరంతో వస్తారు అని అడిగేవాళ్ళను ఎదుట పెట్టుకునే ఆయన జవాబు చెప్పాడు.

ఆ జవాబు మనకు తెలిసిన పొలంలోనిదే. గోధుమ గింజను భూమిలో వేస్తాం. వేసింది గింజ, మొలిచింది పైరు. పైరుకు గింజ పోలిక ఉందా? లేదు. పోనీ ఆ పైరు వేరే గింజదా? కాదు, అదే గింజది. అదే, కాని అలాగే కాదు. ఇదీ పౌలు చెప్పిన కిటుకు. నశించేదిగా విత్తితే నాశనం లేనిదిగా, అవమానంలో విత్తితే మహిమలో, బలహీనతలో విత్తితే బలంతో లేస్తుందట. నాలుగో జంట ఒకటుంది: ప్రకృతి సంబంధమైన శరీరంగా పోయి, ఆత్మ సంబంధమైన శరీరంగా లేవటం. ఇక్కడే చాలామంది తికమకపడతారు. ఆత్మ సంబంధమైన శరీరమంటే పొగమంచులా తేలిపోయే రూపమని కాదు. ఆవిరి యంత్రమంటే ఆవిరితో చేసిన యంత్రమా? ఆవిరితో నడిచేది. అలాగే ఇది దేవుని ఆత్మ నడిపించే శరీరం.

ఇక మహిమ అనే మాట. మన చెవికి మహిమ అంటే స్వామివారి మహిమ, బాబాగారి మహిమ. అష్టసిద్ధుల్లో ఒకదాని పేరు కూడా మహిమే. బైబిలులో ఆ మాట వెనుక ఉన్న హీబ్రూ మాటకు అసలు అర్థం బరువు. ఒక మనిషి పరువూ, గౌరవమూ, నిండుతనమూ అన్నీ కలిపి బరువు. మనమూ అంటాం గదా, బరువైన మనిషి అని. మనిషి పాపం వల్ల ఆ బరువు కోల్పోయి పొల్లు గింజలా తేలికైపోయాడనీ, దేవుడు తిరిగి అతణ్ణి నిండు గింజను చేస్తాడనీ ఈ సిద్ధాంతం. మహిమపరచబడటం అని తెలుగు క్రైస్తవులు అనేది దీన్నే.

ప్రొటెస్టెంటు మతాచార్యులు దీన్ని మూడు మెట్లుగా చెబుతారు. మొదట దేవుడు మనిషిని నీతిమంతుడుగా తీరుస్తాడు. తర్వాత బ్రతికినన్నాళ్ళూ పరిశుద్ధం చేస్తూ వస్తాడు. చివరి మెట్టు మహిమ. ఇందులో ఒక చిత్రం ఉంది. పౌలు రోమావారికి వ్రాసిన ఉత్తరం ఎనిమిదో అధ్యాయంలో ఈ మెట్లను చెబుతూ, ఇంకా జరగని చివరి మెట్టును కూడా జరిగిపోయినట్టే చెప్పాడు. ముహూర్తం పెట్టుకున్న పిల్లను అప్పుడే మా కోడలు అన్నట్టన్నమాట. దేవుడు మాటిచ్చాక ఇక జరిగినట్టే అని ఆయన ధీమా. అదే అధ్యాయంలో మనుషులే కాదు, సృష్టి అంతా పురిటినొప్పులు పడుతూ ఆ దినం కోసం ఎదురుచూస్తున్నదని కూడా అన్నాడు. చావు నొప్పులు అనలేదు చూడండి, పురిటినొప్పులు అన్నాడు.

గ్రీకు, రష్యా దేశాల సనాతన సంఘాలవారు దీన్నే మనిషి దేవుని స్వభావంలో పాలు పంచుకోవటం అంటారు. క్రీస్తు కొండ మీద ముగ్గురు శిష్యుల ఎదుట సూర్యుడిలా వెలిగిన ఘట్టాన్ని అందుకు గుర్తుగా ఏటా పండుగ చేసుకుంటారు. కేథలిక్కుల పండితులు, 13వ శతాబ్దపు థామస్ అక్వినాసు వంటివారు, మహిమ శరీరానికి నాలుగు వరాలు చెప్పారు: బాధ అంటకపోవటం, వెలుగు, మనసు ఎక్కడికంటే అక్కడికి దేహం కదిలే చురుకుదనం, ఆత్మకు పూర్తిగా లోబడిన సూక్ష్మత. ఇది చదివితే మనకు అణిమాది సిద్ధులు గుర్తుకు రాక మానవు. కాని తేడా ఉంది. సిద్ధులు సాధకుడు తపస్సుతో సంపాదించుకునేవి. ఇవి ఒకరు పెడితే వచ్చేవి.

మరి దేహాన్ని కాల్చేస్తేనో అని మనలో ఎవరికైనా అనిపిస్తుంది. ఈ సందేహం పాతదే. క్రీస్తుశకం 177లో ఇప్పటి ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరంలో క్రైస్తవులను చంపినవాళ్ళు, ఇక లేవటమన్నది వట్టిదైపోవాలని శవాలను కాల్చి బూడిదను రోన్ నదిలో కలిపారు. అయినా మిగిలినవాళ్ళ నమ్మకం చెదరలేదు. మట్టి నుంచి చేసినవాడికి బూడిద నుంచి చేయటం కష్టమా అని వాళ్ళ తర్కం. అయితే పూడ్చిపెట్టే ఆచారం మాత్రం బలంగా నిలిచింది. కేథలిక్ సంఘం దహనం మీద ఉన్న నిషేధాన్ని 1963లో గాని సడలించలేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. కాని మచ్చ సంగతి? అదే నేను వెతుకుతున్నది.

పిల్లల వయసు గురించి వ్రాసినాయన ఒకరు దొరికారు. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగరపు బిషప్పు అగస్టీను. ‘దేవుని నగరం’ అనే ఇరవైరెండు భాగాల గ్రంథం 413లో మొదలుపెట్టి 426 ప్రాంతంలో ముగించాడు. ఆఖరి భాగంలో అప్పటివాళ్ళ అనుమానాలన్నీ ఒక్కొక్కటే తీసుకున్నాడు. కత్తిరించిన గోళ్ళూ, వెంట్రుకలూ తిరిగొస్తాయా? మనిషిని మనిషి తింటే ఆ మాంసం ఎవరిది? ఆడవాళ్ళంతా మగవాళ్ళుగా లేస్తారని కొందరన్నారట. ఆయన ఒప్పుకోలేదు. స్త్రీగా పుట్టటం దోషం కాదు, స్త్రీ స్త్రీగానే లేస్తుందన్నాడు. మెచ్చుకోవలసిన మాట! పసిపిల్లల గురించి, వాళ్ళు బ్రతికి ఉంటే ఏ నిండుతనానికి ఎదిగేవారో ఆ నిండుతనంతో లేస్తారన్నాడు. ఆయనకూ ఒక్కడే కొడుకు. యవ్వనారంభంలోనే పోయాడు.

ఈ మాట టీచరమ్మగారికి చెప్పటానికి నాకు నోరు రాలేదు. ఎదిగి లేస్తుందంటే లోకానికి సంతోషమే. కాని తల్లికో? నాలుగేళ్ళ పిల్లను పోగొట్టుకున్న తల్లి వెతుక్కునేది నాలుగేళ్ళ పిల్లనే గదా.

అప్పుడు మచ్చ గురించిన కథ ఒకటి కనబడింది. 379వ సంవత్సరం. ఇప్పటి టర్కీ దేశంలో ఉన్న నిస్సా అనే ఊరి బిషప్పు గ్రెగరీ, చాలా ఏళ్ళ తర్వాత తన అక్క మక్రీనాను చూడబోయాడు. తన అన్న బాసిల్ చనిపోయిన దుఃఖంలో ఉన్నాడు. అక్క దగ్గర ఏడ్చి బరువు దించుకుందామని వెళితే, అక్కే చావుబ్రతుకుల్లో ఉంది. నేల మీద పరిచిన పలక మీద పడుకుని, ఊపిరాడకుండా ఉండి కూడా ఆవిడే తమ్ముడికి పాఠం చెప్పింది. తమ్ముడు సందేహాలు వేయటం, అక్క తీర్చటం. తర్వాత ఆయన దాన్ని ఆత్మ, పునరుత్థానాల మీద సంభాషణగా వ్రాశాడు. అందులో ఆయన అక్కను పిలిచిన పిలుపు ఏమిటనుకున్నారు? గురువు! ఆయన కూడా అక్కను టీచరమ్మా అన్నాడన్నమాట.

పగిలిన కుండల పెంకులు ఎన్ని కలిసిపోయినా ఎవరి కుండ పెంకు వారు గుర్తుపట్టగలిగినట్టు, ఆత్మ తన దేహపు అణువులను ఎక్కడున్నా గుర్తుపడుతుందని ఆవిడ చెప్పింది. మొదట దేవుడు ఎలా తలచి చేశాడో మనిషి తిరిగి అలా కావటమే పునరుత్థానమన్నది. చెప్పి, సాయంత్రం దీపం తెచ్చే వేళకు కన్నుమూసింది.

దేహాన్ని సిద్ధం చేస్తుండగా వెస్టియానా అనే ఆవిడ దీపం దగ్గరగా పట్టి గ్రెగరీకి ఒకటి చూపించింది. మక్రీనా రొమ్ము మీద సూది గుచ్చినంత మచ్చ. ఒకప్పుడు అక్కడ కురుపు లేచిందట. ప్రాణం మీదికి వస్తుందన్నా, వైద్యుడికి ఒళ్ళు చూపించటానికి ఆవిడ ఒప్పుకోలేదట. రాత్రంతా ప్రార్థన చేసి, కన్నీళ్ళతో తడిసిన మట్టిని పూసుకుని, తల్లిని పిలిచి, అమ్మా, నీ చేత్తో ఇక్కడ సిలువ గుర్తు వెయ్యి, అదే నాకు మందు అన్నదట. తల్లి చెయ్యి తగలగానే కురుపు పోయింది, మచ్చ మిగిలింది. గ్రెగరీ ఆ మచ్చను లోపమని వ్రాయలేదు. దేవుడు చేసిన మేలుకు గుర్తుగా మిగిలిందని వ్రాశాడు.

దీంతో నాకు ధైర్యం వచ్చి మళ్ళీ అగస్టీనును తిరగేస్తే, నేను దాటిపోయిన పేజీ ఒకటి దొరికింది. దేహంలోని వికారాలన్నీ పోతాయి, తెగిన అవయవాలు తిరిగొస్తాయి. కాని క్రీస్తు కోసం చనిపోయినవాళ్ళ గాయాల మచ్చలు మాత్రం ఉండవచ్చు, వాటిని చూడాలని మనకే అనిపిస్తుంది, అవి వికారం కావు, అలంకారం అన్నాడు. ఆయనకు ఆ ధైర్యం ఎక్కడిదంటారా? క్రీస్తు కథ నుంచే వచ్చి ఉంటుంది. లేచిన దేహానికి మూసిన తలుపులు అడ్డు కాలేదు, అయినా కాల్చిన చేపముక్క తిన్నది. చావు మళ్ళీ ముట్టుకోలేని దేహం. అటువంటి దేహానికి మేకుల గాయాలు మానకుండా పోతాయా? కాని ఉన్నాయి! నమ్మని తోమాను పిలిచి చూడమన్నది వాటినే.

ఈ మూటంతా కట్టుకుని ఒక సాయంత్రం టీచరమ్మగారింటికి వెళ్ళాను. వరండాలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. నేనూ ఒక చెయ్యి వేశాను.

“టీచరమ్మగారూ, మీ పుస్తకంలోనే ఉన్న సంగతి నేను మీకు చెప్పటం బాగుండదు గాని, లేచిన క్రీస్తును మొదట చూసిన మరియ ఆయన్ను గుర్తుపట్టిందా?” అన్నాను.

“లేదు. తోటమాలి అనుకుంది.”

“ఎమ్మాయు దారిలో ఇద్దరు?”

“కోసుల కొద్దీ పక్కనే నడిచి కూడా గుర్తుపట్టలేదు. రొట్టె విరిచినప్పుడు గదా కళ్ళు తెరుచుకున్నాయి.”

“మరి మరియ ఎప్పుడు గుర్తుపట్టింది?”

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ ఆగింది. “పేరు పెట్టి పిలిచినప్పుడు,” అన్నారు మెల్లగా.

“మరింకేం? గుర్తుపట్టే భారం మీ మీద లేదు. ఏ వయసున లేచినా, లేచిన పిల్లే మిమ్మల్ని పిలుస్తుంది. ఇక మచ్చ అంటారా…” అని మక్రీనా కథా, అగస్టీను మాటా, తోమా సంగతీ వరుసగా చెప్పుకొచ్చాను. మచ్చ మిగలవచ్చునని పెద్దవాళ్ళే అన్నారని, ఏదో పరీక్ష పాసైనదానిలా ముగించాను.

ఆవిడ ముఖంలో నేననుకున్న సంతోషం కనబడలేదు. చాలాసేపు మాట్లాడలేదు. చిక్కుళ్ళన్నీ అయిపోయాయి. చివరకు, “అందరికీ చెప్పింది వేరు,” అన్నారు. “పరుగెత్తుతూ గడప తగిలి పడిందని చెప్పాను. కాదమ్మాయీ. ఆ రోజు పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. సిరా బుడ్డి పేపర్ల మీద ఒలకబోసింది. కోపంతో రెక్క పట్టుకుని అవతలకు నెట్టేశాను. వెళ్ళి గడప మీద పడింది. ఆ మచ్చ నేను పెట్టిందే. రెండు నెలలకే జ్వరం వచ్చి పోయింది. మచ్చ ఉండకపోతే గుర్తుపట్టలేనేమోనని ఒక భయం. ఉంటే, అది నన్ను చూసి ఏమంటుందోనని ఇంకో భయం. నలభై ఏళ్ళుగా ఇదీ నా సంగతి.”

నా దగ్గరున్న పుస్తకాలన్నీ ఆ క్షణంలో మూసుకుపోయాయి. మనం ఒకరి ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఉంటాం; అసలు ప్రశ్న వేరే ఉంటుంది.

నా నోట మాట రాకపోయేసరికి ఆవిడే లేచి లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చారు. ఆ గ్లాసు పట్టుకుని కూర్చుంటే, తోమా కథలో అంతకుముందున్న ముక్క మనసులో మెదిలింది. ఆ గదిలో తలుపులు వేసుకుని కూర్చున్నవాళ్ళు ఎవరు? ఆయన్ను పట్టుకుపోతుంటే వదిలేసి పారిపోయినవాళ్ళు. ఎరగనని మూడుసార్లు బొంకిన పేతురూ వాళ్ళలోవాడే. అటువంటి వాళ్ళ నడుమకు గాయాలతో సహా వచ్చి నిలబడితే మొదటి మాట ఏమై ఉండాలి? మనమైతే ఏమందుము? ఆయన మొదట కోరింది వాళ్ళకు శాంతి. ఆ తర్వాతే చేతులు చూపించాడు.

ఆ మాటే ఆవిడతో అన్నాను. “టీచరమ్మగారూ, గాయాలు మిగిలాయి, నిజమే. కాని వాటిలో ఫిర్యాదు మిగల్లేదు. మహిమ అంటే అదేనేమో. మచ్చ పోవటం కాదు, మచ్చలోని నొప్పి పోవటం.”

ఇది పండితులు ఒప్పుకునే నిర్వచనమో కాదో నాకు తెలియదు. ఆ పూట నా నోటికి వచ్చింది అంతే. కాని ఆవిడ తల ఊపారు. “పేతురుకు ఒడ్డున బొగ్గుల మంట మీద చేపలు కాల్చి పెట్టాడు,” అన్నారు తనలో తాను మాట్లాడుకున్నట్టు. “ఆయన ఎవరో ఎరగనన్నది కూడా బొగ్గుల మంట దగ్గరే. ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పిన పాఠం. నాకు నేను చెప్పుకోలేదు.”

గుంటూరులో చాలామంది లూథరన్ సంఘంవారు. 1842లో హయ్యర్ దొరగారు అమెరికా నుంచి వచ్చి మొదలుపెట్టిన మిషను అది. అందుకని ఆవిడకు లూథరు కూతురి కథ కూడా తెలుసు. 1542 సెప్టెంబరులో పదమూడేళ్ళ మగ్దలేనా తండ్రి చేతుల్లోనే పోయింది. ఇది లేచి నక్షత్రంలా మెరుస్తుందని ఆ మహానుభావుడికి గట్టి నమ్మకం. సుఖంగా ఉందని తెలిసి కూడా ఇంత దుఃఖమేమిటా అని తనను చూసి తానే ఆశ్చర్యపడ్డాడట. నమ్మకం ఉన్నచోట ఏడుపు ఉండకూడదని ఆయన అనలేదు. రెండూ ఒకే గుండెలో పెట్టుకున్నాడు. “అంత లూథరుగారే ఏడిస్తే మనదేముంది?” అని టీచరమ్మగారు కళ్ళు తుడుచుకుని నవ్వారు.

పాఠకులారా, చచ్చినవాళ్ళు లేస్తారా లేవరా అని నేనిక్కడ తీర్పు చెప్పబోవటం లేదు. ఎవరి నమ్మకం వారిది. కాని ఒక నమ్మకాన్ని దూరం నుంచి చూసి, ఏదో స్వర్గం, ఏదో ఆశ అని తీసేయటం ఎంత తేలికో, దగ్గరకు వెళ్ళి కొవ్వొత్తి వెలుతురులో చూస్తే అది ఎంత బరువైనదో ఈ ఈస్టరుకు నాకు తెలిసింది. ఈ దేహమూ, ఈ కనుబొమా, ఈ మచ్చా, ఇవేవీ పారేయవలసినవి కావని ఆ నమ్మకం చెబుతుంది. మనం ప్రేమించింది ఆత్మలను మాత్రమే కాదు గదా, ముఖాలను కూడా.

లేచి వస్తుంటే ఆవిడ గేటు దాకా వచ్చారు. “దానికి ర పలికేది కాదు,” అన్నారు. “నన్ను అమ్మా అనేది కూడా కాదు. వీధిలో అందరూ పిలిచేది విని, టీచలమ్మా, టీచలమ్మా అనేది.”

అప్పుడే ఎదురింటి కుర్రాడు సైకిలు మీద పోతూ, “టీచరమ్మగారూ, పాలు తెమ్మన్నారా?” అని కేకేశాడు. ఆవిడ వెంటనే పలకలేదు. ఒక క్షణం ఆగి, “తే నాయనా,” అన్నారు.